వారంటీ కారు మళ్లీ మొరాయిస్తే: ఊరు వద్దనే సలహాలు

కొన్న ఏడాదికే కారు గేర్లు పడనంటుంది. షోరూం వాళ్లు "చేసేసినం అన్నా" అని తాళం చేతికిచ్చిన పది రోజులకే అదే రోగం తిరగబెడుతుంది. అప్పుడు జగిత్యాలయినా, కోరుట్లయినా, సిరిసిల్లయినా చుట్టూ చేరినవాళ్లు చెప్పే మాటలు దాదాపు ఒకటే. తెలిసిన మెకానిక్ దగ్గర విప్పించు. లీడర్‌తోని ఒక ఫోన్ చేయించు. షోరూం ముందర కూసో. కొత్త బండి ఇచ్చేదాకా కదలకు. ఇవేవీ పారకపోతే ఆఖరి మాట ఒకటుంటుంది: "పోనీ తియ్, కోర్టుల సుట్టు ఎవడు తిరుగుతడు?"

ఈ మాటలు చెప్పేవాళ్లంతా మన మంచి కోరేవాళ్లే. కానీ వీటిలో ప్రతి ఒక్కటీ మన చేతిలో ఉన్న హక్కును బలహీనం చేసేదే. నేను చెప్పబోయేవి వాటికి సరిగ్గా ఎదురు. వినగానే తిక్క సలహాల్లాగే ఉంటాయి. అయినా చెప్పక తప్పదు. మన దగ్గర చాలా ఇళ్ల ముందున్న కారు దుబాయిలోనో మస్కట్‌లోనో కొడుకు ఎండలో పనిచేసి పంపిన డబ్బుతో వచ్చింది. ఆ డబ్బు సర్వీస్ సెంటర్ కౌంటర్ మీద, చదవకుండా పెట్టిన ఒక్క సంతకంతో పోతుంటే చూడబుద్ధి కాదు.

అన్నిటికంటే తిక్కగా వినిపించే సలహాతోనే మొదలుపెడతాను. ఏ సర్వీస్ సెంటర్ బాగు చేయలేకపోయిందో మళ్లీ అక్కడికే పోండి. రెండోసారి పోండి, మూడోసారీ పోండి. "వాళ్లకు చాతకాదని తెలిసినంక మళ్ల పోవుడేంది?" అని ఇంట్లోవాళ్లు కోప్పడతారు. కానీ వారంటీ అంటే కంపెనీ ఇచ్చిన మాట, ఆ మాట చెడిన భాగాన్ని బాగు చేయడం గురించో మార్చడం గురించో ఉంటుంది. మారుతి ఉద్యోగ్, సుశీల్ కుమార్ గబ్గోత్రా కేసులో సుప్రీంకోర్టు 2006లో ఇదే చెప్పింది. వారంటీ భాగానికి ఉన్నప్పుడు, ఆ భాగం మార్చితే సరిపోయేటప్పుడు, మొత్తం కారు మార్చమనడం కుదరదంది. కాబట్టి బండిలో మూలంలోనే లోపం ఉందని నిలబెట్టాలంటే, వాళ్లకు అవకాశం ఇచ్చినా బాగు చేయలేకపోయారని చూపించాలి. విఫలమైన ప్రతి రిపేరూ మీకు ఒక సాక్ష్యం. రెండు, మూడు సార్లు అదే ఫిర్యాదు కాగితం మీద కనిపిస్తే, "కస్టమర్‌కు నడపడం రాదు" అనే మాట చెల్లదు.

అందుకే జాబ్ కార్డు దగ్గర మాత్రం తొందరపడకండి. మీ కేసు గెలిచేదీ ఓడేదీ ఆ కౌంటర్ దగ్గరే. మీరు బండి ఇవ్వగానే సర్వీస్ అడ్వైజర్ కంప్యూటర్‌లో టైప్ చేస్తాడు. అందులో కస్టమర్ వాయిస్ అని ఒక గడి ఉంటుంది. మీరు ఐదు నిమిషాలు చెప్పిన బాధ అక్కడ "జనరల్ చెకప్" అనో "గేర్ చెక్" అనో రెండు ముక్కలుగా మారిపోతుంది. రేపు వినియోగదారుల కమిషన్ ముందు కనిపించేది ఆ రెండు ముక్కలే. కాబట్టి పక్కన నిలబడి చదివించండి. "అరగంట నడిచి ఇంజన్ వేడెక్కిన తర్వాత మూడో గేరు నుంచి నాలుగులోకి పడటం లేదు. ఇదే ఫిర్యాదుతో ఫలానా తేదీన వచ్చాను, తగ్గలేదు" అని మీ మాటల్లోనే రాయించండి. తేదీ, కిలోమీటర్ల రీడింగ్, రెండోసారి వచ్చారన్న మాట, ఈ మూడూ ఉన్నాయో లేదో చూసుకోండి. "సిస్టంల అంత జాగ లేదన్నా" అంటే, ప్రింటు తీసిన కాపీ మీద పెన్నుతో రాసి, కింద అడ్వైజర్‌తో సంతకం పెట్టించండి. అదీ కాదంటే అదే మాటను ఆ కౌంటర్ దగ్గర నిలబడే సర్వీస్ సెంటర్ ఈమెయిల్‌కు పంపండి. పంపిన టైం దానంతటదే రికార్డవుతుంది.

బండి తిరిగి ఇచ్చేటప్పుడు ఇంకో కాగితం వస్తుంది. "పని తృప్తికరంగా జరిగింది" అని అచ్చయి ఉంటుంది, కింద మీ సంతకానికి ఒక గీత. గేట్ పాస్ కావాలంటే సంతకం కావాలంటారు. సాయంత్రం ఆరయింది, పెళ్లికి పోవాలి, పిల్లలు బండిలో ఉన్నారు, అందరం పెట్టేస్తాం. నా సలహా: నడిపి చూడకుండా పెట్టకండి. నడిపి చూడటమంటే షోరూం ముందు చదును రోడ్డు మీద రెండు వందల మీటర్లు తిరగడం కాదు. కొత్త బండిని కొండగట్టు అంజన్న దగ్గర పూజ చేయించడానికి తీసుకెళ్లినప్పుడు ఎక్కుడులో క్లచ్ జారిందా? అయితే టెక్నీషియన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని అలాంటి ఎక్కుడు మీదే నడపండి. లోపం ఎక్కడ బయటపడిందో అక్కడే తగ్గిందని తేలాలి. అంత టైం లేకపోతే సంతకం పక్కన "రోడ్డు మీద పరీక్షించలేదు, ఫిర్యాదు తగ్గిందో లేదో తెలియదు" అని రాయండి. ఈ ఒక్క వాక్యానికి అడ్వైజర్ మొహం మారుతుంది. మారనివ్వండి.

మార్చిన పార్ట్ ఏదో, దాని నంబరేదో ఇన్‌వాయిస్‌లో ఉండాలి. బిల్లు సున్నా అయినా సరే, ఇన్‌వాయిస్ అడిగి తీసుకోండి. డబ్బు కట్టలేదు కదా, కాగితం ఎందుకని చాలామంది వదిలేస్తారు. చాలా కంపెనీల వారంటీ పుస్తకాల్లో, మార్చిన పార్ట్‌కు మళ్లీ కొత్తగా వారంటీ మొదలు కాదు, బండికి మిగిలిన గడువే వర్తిస్తుంది. అంటే వారంటీ అయిపోయే నెలలో వేసిన పార్ట్ ఆరు వారాల తర్వాత పోతే మిమ్మల్ని వెళ్లిపొమ్మంటారు. వారంటీ ఉన్నప్పుడే అదే ఫిర్యాదు రాయించి ఉన్న పాత జాబ్ కార్డు మీ దగ్గర ఉంటే, ఇది కొత్త రోగం కాదు, మీరు నయం చేయని పాతదే అని గట్టిగా అడగవచ్చు.

ఇక తెలిసిన మెకానిక్ సంగతి. బయట ముట్టుకుంటే వారంటీ మొత్తం పోతుందని షోరూం వాళ్లు బెదిరిస్తారు. అది అంత నిజం కాదు. కార్ల కంపెనీలు విడిభాగాలను, రిపేర్లను తమ గుప్పిట్లో పెట్టుకున్నాయన్న కేసులో కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టులో 14 కంపెనీల మీద ఉత్తర్వు ఇచ్చింది. బయట రిపేరు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దనే షరతు పెట్టకూడదనీ, బయటి పని వల్ల జరిగిన నష్టం మేరకే కాదనవచ్చనీ అందులో చెప్పింది. ఆ ఉత్తర్వు మీద కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. ఆ ఉత్తర్వు మన పక్షాన ఉన్నా, గొడవ నడుస్తున్న భాగాన్ని మాత్రం బయట విప్పించకండి. మీ మేస్త్రీ ఎంత పనిమంతుడైనా కావచ్చు. విప్పిన మరుక్షణం "లోపం మాది కాదు, అతను చేసింది" అనే దారి వాళ్లకు దొరుకుతుంది. కావాలంటే విప్పకుండా చూడమనండి, చూసింది తన లెటర్‌హెడ్ మీద రాసిమ్మనండి.

లీడర్‌తో ఫోన్ చేయించడం మన దగ్గర అలవాటైన దారి. ఫోన్ పోతే మేనేజర్ మర్యాదగా మాట్లాడతాడు, టీ తెప్పిస్తాడు, "చూస్తం సార్" అంటాడు. ఆ మాటకు కాగితం ఉండదు. అట్లా చూస్తం, చూస్తం అంటుండగానే గడువు కరిగిపోతుంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం వివాదానికి కారణం పుట్టిన నాటి నుంచి 2 ఏళ్లలో ఫిర్యాదు వేయాలి. ఆలస్యానికి బలమైన కారణం చూపితే వినియోగదారుల కమిషన్ మన్నించవచ్చు, కానీ ఫలానా సారు మాట్లాడుతున్నాడని ఆగాను అంటే నిలబడేది అనుమానమే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తప్పకుండా చేయండి. తెలుగులోనే మాట్లాడవచ్చు, చాలా కంపెనీలు అక్కడి నుంచి వచ్చిన ఫిర్యాదుకు కదులుతాయి. అయితే హెల్ప్‌లైన్‌కు ఆర్డర్ వేసే అధికారం లేదు, అక్కడ ఫిర్యాదు నడుస్తోందని 2 ఏళ్ల గడువు ఆగదు.

షోరూం ముందు కూర్చోవడం, అద్దాల మీద కొట్టడం, ఫేస్‌బుక్ లైవ్ పెట్టి ఆ అడ్వైజర్ పిల్లగాణ్ని తిట్టడం అసలే వద్దు. ఆ పిల్లగాడు పదిహేనో ఇరవయ్యో వేల జీతగాడు, మన పక్క ఊరివాడే. గేర్‌బాక్స్ అతను తయారు చేయలేదు, వారంటీ క్లెయిమ్‌ను తిరస్కరించేది కూడా అతను కాదు. గొడవ పోలీస్ స్టేషన్‌కు పోతే ఫిర్యాదుదారు మీరు కాకుండా వాళ్లవుతారు. ఆ బలాన్నంతా ఒక్క పేజీ ఉత్తరంలో పెట్టండి. ఏ తేదీన ఏ ఫిర్యాదుతో వచ్చారు, ఏం చేశారు, మళ్లీ ఏమైంది, 15 రోజుల్లో ఏం కావాలి, అంతే. డీలర్‌కొకటి, కంపెనీ హెడ్ ఆఫీసుకొకటి స్పీడ్ పోస్ట్‌లో పంపి రసీదులు దాచుకోండి.

ఆ ఉత్తరంలో కొత్త కారే కావాలని ఒక్కటే అడగకండి. ఈ సలహాకు అందరికీ కోపం వస్తుంది. గబ్గోత్రా తీర్పు పైన చెప్పాను, కంపెనీ లాయరు మొదట చదివేది దాన్నే. మీరు మెట్లమెట్లుగా అడగండి. ముందు లోపం పూర్తిగా పోయేలా ఆ భాగం మార్చాలి. అది కుదరకపోతే కారు మార్చాలి లేదా ధర తిరిగివ్వాలి. ఏదైనా సరే, కారు లేని రోజుల ఖర్చుకు, పడ్డ బాధకు పరిహారం ఇవ్వాలి. కోర్టులు కొన్నవాళ్లను మరీ చిన్నచూపు చూస్తాయని కాదు. జోస్ ఫిలిప్ మాంపిల్లిల్ కేసులో లోపాలున్న కారును కొత్తదిగా అంటగట్టినందుకు సుప్రీంకోర్టు 2004లో తయారీదారును, డీలర్‌ను ఇద్దరినీ బాధ్యులను చేసింది. మీరు కూడా ఇద్దరినీ కలపండి. 2021లో టాటా మోటార్స్, ఆంటోనియో పాలో వాజ్ కేసులో డీలర్ తప్పుకు తయారీదారును ఊరికే పట్టుకోలేమని తీర్పు వచ్చింది. కాబట్టి కంపెనీకి ముందే ఉత్తరం చేరి ఉండటం, లోపం సంగతి దానికి తెలుసని చూపగలగడం ముఖ్యం.

కేసు ఎవరు వేయాలన్నది మన ప్రాంతంలో పెద్ద చిక్కు. డబ్బు పంపింది గల్ఫ్‌లో ఉన్న కొడుకు, ఆర్‌సీ కూడా అతని పేరే, నడిపేది బాపు. "ఆడు లీవుల వచ్చినప్పుడు సూద్దాం" అని ఆగకండి. కొన్నవాళ్ల అనుమతితో వాడుకునే మనిషి కూడా చట్టం ప్రకారం వినియోగదారుడే. కొడుకు నుంచి అధికార పత్రం ఒకటి తెప్పించుకుని పెద్దాయనే వేయవచ్చు. పసుపు బోర్డు బండి అయితే "అది కమర్షియల్, మీరు వినియోగదారుడు కాదు" అంటారు. సాంచెలు వదిలి సొంత ట్యాక్సీ కొనుక్కుని తానే నడుపుకుంటున్న సిరిసిల్ల మనిషికి అది వర్తించదు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొన్నదాన్ని చట్టం ఆ గాటన కట్టలేదు. పది బండ్లు తిప్పే ట్రావెల్స్ యజమాని సంగతి వేరు.

వేసేది ఎక్కడంటే కరీంనగర్. 2016లో జగిత్యాల, రాజన్న సిరిసిల్ల వేరే జిల్లాలైనా వినియోగదారుల కమిషన్‌కు పాత ఉమ్మడి జిల్లా దారే. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా కూడా దాఖలు చేయవచ్చు. కంపెనీ ఆఫీసు చెన్నైలో ఉంది, గురుగ్రామ్‌లో ఉంది, అక్కడికే పోవాలని ఎవరైనా అంటే నమ్మకండి, మీరు నివసించే చోటు పరిధిలో వేసే హక్కు 2019 చట్టం ఇచ్చింది. చెల్లించిన ధర 50 లక్షల వరకు జిల్లా కమిషనే చూస్తుంది. ఫీజు 5 లక్షల వరకు లేదు, 10 లక్షల వరకు 200 రూపాయలు, 20 లక్షల వరకు 400. లాయరు తప్పనిసరి కాదు.

చాలా కారు కేసులు నిపుణుడి నివేదిక లేక ఓడిపోతాయి. గేరు పడటం లేదని మీరంటారు, పడుతోందని వాళ్లంటారు, కమిషన్ సభ్యులు మెకానిక్‌లు కారు. అందుకే ఫిర్యాదుతో పాటే బండిని పరీక్షకు పంపమని దరఖాస్తు పెట్టండి. ఎవరితో చేయించాలో కమిషన్ తేలుస్తుంది, పేర్లు మాత్రం మీరు సూచించవచ్చు. నాచుపల్లిలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, మెకానికల్ విభాగముంది. రవాణా శాఖ ఇన్‌స్పెక్టర్లు ఉన్నారు. పరీక్ష అవసరమైన కేసు 5 నెలల్లో, మిగిలినవి 3 నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. నిజానికి అంతకంటే ఎక్కువే పడుతుంది, దానికి సిద్ధపడే వేయండి. అవతలి పక్షం జవాబుకు మాత్రం 30 రోజులు, ఆ పైన 15 రోజులు దాటి గడువు లేదు. వాయిదా అడిగితే ఆ సంగతి లేచి చెప్పండి.

ఈ మధ్యలో కోపంతో ఈఎంఐ ఆపకండి. బ్యాంకుకు మీ గేర్‌బాక్స్‌తో పని లేదు, సిబిల్ పడిపోయేది మీదే, బండి పట్టుకుపోతే సాక్ష్యమూ పోయినట్టే. కంపెనీ గుడ్‌విల్ పేరుతో సగం ఖర్చు భరిస్తామని వస్తే తీసుకోవచ్చు, అయితే "ఇకపై ఎలాంటి క్లెయిమ్ లేదు" అన్న లైను ఆ కాగితంలో ఉందేమో చూసి కొట్టేయించాకే సంతకం పెట్టండి.

గెలిచాక కూడా ఒక పని ఉంటుంది. ఆర్డర్ మీద 45 రోజుల్లో హైదరాబాద్‌లోని రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు పోవచ్చు, కానీ వాళ్లు ఆర్డర్ సొమ్ములో సగం ముందే జమ చేయాలి. అప్పీలూ రాకుండా, డబ్బూ రాకుండా 45 రోజులు దాటితే ఎగ్జిక్యూషన్ దరఖాస్తు వేయండి. ఆర్డర్ పాటించనివాళ్లకు నెల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, లేదా 25 వేల నుంచి లక్ష దాకా జరిమానా, లేదా రెండూ 72వ సెక్షన్‌లో ఉన్నాయి. ఆ దరఖాస్తు పడ్డాక షోరూం నుంచే ఫోన్ వస్తుంది, "అన్నా, ఒకసారి వచ్చి కలువుండ్రి" అని. పోండి. చెక్కు తీసుకున్నాకే, అది మీ ఖాతాలో పడ్డాకే కేసు వాపసు కాగితం మీద సంతకం పెట్టండి.