స్క్రిప్టు చివరన రాయండి

ముందు స్క్రిప్టు, తర్వాత షూటింగు, ఆపైన ఎడిటింగు, చివర సంగీతం. వీడియో పాఠాలు చెప్పేవాళ్లందరిదీ ఇదే వరుస. కర్నూలు, కడప వైపు మీ ఊరి మీద వీడియో తీయబోతుంటే ఈ వరుసను తిరగేయండి.

ఇంట్లో కూర్చుని ముందే రాసిన స్క్రిప్టులోకి మన ఊరు రాదు, సినిమాల్లోని రాయలసీమ వస్తుంది. 1999లో 'సమరసింహారెడ్డి' ఆడాక వరసబెట్టి వచ్చిన ఫ్యాక్షన్ సినిమాలు మన బుర్రల్లోనే కాపురం పెట్టాయి. కాగితం పట్టుకుంటే చాలు, సుమోలు, వేటకొడవళ్లు, తొడగొట్టడాలు. బోరు ఎండిపోయిన చెనిక్కాయల రైతుకు అందులో చోటేదీ?

తాడిపత్రి నుంచి వెళ్లిన దర్శకుడు కె.వి.రెడ్డి పేరు చెప్పి కొందరు నాతో వాదిస్తారు. 'మాయాబజార్' (1957)కు ఆయన స్క్రిప్టు మొత్తం ముందే ఖాయం చేసుకుని, స్టాప్‌వాచీతో సీన్ల నిడివి కొలుచుకున్న మాట నిజమే. ఆయనకు ఫిలిం ఖరీదు, కథ మాత్రం ఊరందరికీ తెలిసిందే. మీకు ఫిలిం ఖర్చు లేదు, కథ మాత్రం ఇంకా ఎవరూ చెప్పనిది. తెలియనిదాన్ని ముందే ఎట్లా రాస్తారు?

అందుకని మొదట శబ్దం. ఫోనులో కెమెరా తెరవకుండా గొంతులు మాత్రం రికార్డు చేసుకోండి. రచ్చకట్ట మీద, జేజి సంగటి కెలుకుతున్నప్పుడు, నాపరాళ్ల గనిలో పని ఆపి నీళ్లు తాగుతున్నప్పుడు. గండికోటలోనైతే పెన్నా లోయ అంచున కూర్చోబెట్టి మాట్లాడించొద్దు, గాలి మాటను మింగేస్తుంది. మసీదు గోడ చాటుకు పొండి.

ఒక్క దృశ్యం కూడా తీయకముందే ఆ శబ్దాన్ని ఎడిట్ చేయండి. కళ్లు మూసుకుని వినండి, విసుగొచ్చిన చోట కోయండి. యాసను మాత్రం ముట్టుకోవద్దు. "వచ్చినాడు", "పోయినాడు" అన్న మనిషి మీద కోస్తా గొంతుతో డబ్బింగు వేయడం నా లెక్కలో దొంగతనం.

ఇక షూటింగు. పొద్దున, సాయంత్రం మాత్రమే తీయమంటారు. మీరు మిట్టమధ్యాహ్నం తీయండి. సాయంత్రపు ఎండలో గండికోట పోస్టుకార్డులా ఉంటుంది, ఎర్రగుంట్ల దుమ్ము కూడా బంగారమే అనిపిస్తుంది. మధ్యాహ్నం నీడలు కాళ్ల కిందికి ముడుచుకుంటాయి, కళ్లు చిట్లించిన ముఖాలే కనిపిస్తాయి. సీమ బతుకు ఆ వెలుతురులోనే నడుస్తోంది. అయితే మీ షాటు కోసం ఎవరినీ ఎండలోకి పిలవొద్దు, ఎక్కడున్నవాళ్లను అక్కడే తీయండి. వేడెక్కితే ఫోను ఆగిపోతుంది. దాన్నీ మధ్యమధ్య నీడకు చేర్చండి.

డ్రోన్ వద్దు. గండికోట పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం, అక్కడ అనుమతి లేకుండా ఎగరేయకూడదు. అనుమతి చేతికొచ్చినా వద్దనే అంటాను. అంత ఎత్తునుంచి చూస్తే బీడు కూడా అందంగానే ఉంటుంది.

రంగులూ దిద్దొద్దు. కేసీ కాలువ కింద వరి పచ్చగా ఉంటే ఉండనీండి, ఆలూరు వైపు ఎండిన చేనుకు ఆ పచ్చ పుయ్యొద్దు.

అంతా అయ్యాక, లోకానికి వదలకముందు, అందులో మాట్లాడినవాళ్లకే చూపించండి. "అది అట్ల కాదప్పా" అని వాళ్లు సరిదిద్దుతారు. తీసేయమన్నది తీసేయండి. చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. అదే మీ స్క్రిప్టు, వాళ్లలోనే ఒకరి చేత చదివించండి. అది అరపేజీ దాటితే ఏదో తీయాల్సింది తీయలేదని అర్థం. మరుసటి రోజు మధ్యాహ్నం మళ్లీ బయల్దేరండి.