వరుస తప్పని స్వేచ్ఛ

మోటారు సైకిల్ క్లబ్బుల 'డే రైడ్' అనే వినోదాన్ని శాస్త్రీయంగా నిర్వచించాలంటే, ఆదివారం తెల్లవారుజామున నగరంలోని ఒక పెట్రోలు బంకు దగ్గర గుమిగూడి, ఊళ్ల దారుల వెంట గుంపుగా బయలుదేరి, ఒకచోట టిఫిను, మరొకచోట భోజనం కానిచ్చి, చీకటి పడేలోగా ఎవరి అపార్టుమెంటుకు వారు చేరుకోవడం అని చెప్పాలి. పని మీద వెళ్లేవాడు ఇంత దూరం పోయివస్తే దానికి తిరుగుడు అని పేరు. పనేమీ లేకుండా పోయివస్తేనే అది రైడ్ అవుతుంది. గుంటూరు, విజయవాడల వైపు నుంచి నరసరావుపేట, వినుకొండల మీదుగా త్రిపురాంతకం చేరి, ఆపైన దోర్నాల దాటి నల్లమల ఘాట్‌లో ప్రవేశించే దారి ఈ సాధనకు అచ్చంగా సరిపోతుంది. మెట్టపొలాలు, గుట్టలు, అడవి, మలుపులు, చివర శ్రీశైలం అన్నీ అందులో ఉన్నాయి కనుక దారిలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఆ దారిన పోయే క్లబ్బు సభ్యులు తమ గురించి తాము చెప్పుకునే మాటలే పరిశీలించదగినవి, వాటిలో మొదటిది స్వేచ్ఛ.

ఈ స్వేచ్ఛకు నియమావళి ఉంది. అందరికంటే ముందు నడిచేవాడు 'లీడ్', అతన్ని దాటకూడదు. అందరికంటే వెనుక వచ్చేవాడు 'స్వీప్', అతనికంటే వెనకబడకూడదు. మధ్యలో అటూ ఇటూ తిరిగి వరుస సరిచేసేవాడు 'మార్షల్', అతనితో వాదించకూడదు. బళ్లు ఒకదాని వెనుక ఒకటి నేరుగా కాకుండా ఒకటి కుడికి, మరొకటి ఎడమకు జరిగి, తమ వైపు నేరుగా ముందున్న బండికీ తమ బండికీ నడుమ రెండు సెకన్ల ఎడం పాటించే అమరికను 'స్టాగర్డ్ ఫార్మేషన్' అంటారు. పెట్రోలు కావలసినవాడు ట్యాంకు వైపు వేలు చూపాలి, ఒంటికి వెళ్లవలసినవాడు పిడికిలి ఎత్తి కిందికీ పైకీ ఆడించాలి. ఒకటో తరగతిలో వేలు చూపించి పంతులుగారి అనుమతి అడిగినవాడు నలభయ్యేళ్లు కష్టపడి, లక్షలు పెట్టి బండి కొని, పిడికిలి చూపించి అడిగే స్థాయికి ఎదిగాడన్నమాట. ఇవన్నీ ప్రాణాలు కాపాడే నియమాలే, రోడ్డు మీద పాటించి తీరవలసినవే, వాటిని ఎగతాళి చేయడం తప్పు. కవాతుకు స్వేచ్ఛ అని పేరు పెట్టడమే వింత.

ఈ కవాతు వేసుకునే వేషానికీ ఒక చరిత్ర ఉంది. 1947 జూలైలో కాలిఫోర్నియాలోని హోలిస్టర్ అనే చిన్న ఊళ్లో జరిగిన మోటారు సైకిల్ సంబరం అల్లరిగా మారడం, ఆ వార్తల పునాది మీద 1953లో మార్లన్ బ్రాండో తోలు జాకెట్టు తొడుక్కుని 'ది వైల్డ్ వన్' చిత్రంలో నటించడం, దానితో వీపు మీద క్లబ్బు ముద్ర ఉన్న తోలు కోటు తిరుగుబాటుకు యూనిఫారం కావడం వరుసగా జరిగిపోయాయి. ఆ తోలు కోటు చివరికి, మే నెలలో 40 డిగ్రీలు సునాయాసంగా దాటే మార్కాపురం దాకా వచ్చింది. అయితే దాని కింద ఉన్న బండి కథ పూర్తిగా వేరు. సైన్యానికి బుల్లెట్ బళ్లు సరఫరా చేసే నిమిత్తమే 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఊరి పొలిమేరలో డబడబమనే ఆ చప్పుడు వినిపిస్తే ఎస్సైగారు వస్తున్నారని జనం సర్దుకునేవారు. అధికారం ఎక్కి తిరిగిన బండినే తిరుగుబాటుకు గుర్తుగా కొనుక్కోవడం మన దేశానికే చెల్లింది.

ఈ దారిలో తగిలే త్రిపురాంతకం పేరుకు మూలమైన కథ కూడా నిజానికి ఒక వాహనం కథే. తారకాసురుడి ముగ్గురు కొడుకుల ఎగిరే పురాలను కూల్చడానికి శివుడు బయలుదేరినప్పుడు భూమి రథమైంది, సూర్యచంద్రులు చక్రాలయ్యారు, వేదాలు గుర్రాలయ్యాయి, బ్రహ్మ సారథి అయ్యాడు, మేరువు విల్లు, వాసుకి అల్లెతాడు, విష్ణువు బాణం అయ్యారు. ఇన్ని హంగులతో కదిలిన వాహనం ముందు క్రాష్ గార్డు, అదనపు లైట్లు, హెల్మెట్‌కు అతికించిన కెమెరా ఏ మూలకు? పైగా వినాయకుణ్ణి పూజించకుండా బయలుదేరినందుకు ఆ రథం ఇరుసు విరిగిందని తమిళనాడులోని అచ్చిరుపాక్కం స్థలపురాణం చెబుతుంది. వెనుక మెకానిక్కును, సామాన్లను మోసుకొచ్చే 'బ్యాకప్' కారు ఉన్నట్టు మాత్రం ఏ పురాణమూ చెప్పలేదు. మూడు పురాలు వెయ్యేళ్లకొకసారి ఒకే వరుసలోకి వచ్చే క్షణం కోసం శివుడు కాచుకున్నాడు. త్రిపురాంతకం కొండ కింద బళ్లన్నీ ఒకే వరుసలోకి వచ్చి డ్రోన్ కెమెరా పైకి లేచే క్షణం కోసం టీ బంకు యజమాని కూడా అలాగే కాచుకుంటాడు, ఎందుకంటే అప్పటిదాకా అతని బంకు ముందు ఆటో ఆగడానికి చోటుండదు.

రెండో మాట 'ఎవరూ తొక్కని దారులు'. శ్రీశైలానికి నాలుగు ద్వారాలుగా చెప్పే త్రిపురాంతకం, సిద్ధవటం, అలంపురం, ఉమామహేశ్వరాలలో తూర్పు ద్వారం త్రిపురాంతకమే. కొండ మీది ఆలయంలో కాకతీయుల కాలపు శాసనాలున్నాయి. శతాబ్దాల పాటు యాత్రికులు కాలినడకన నడిచి అరగదీసిన దారిని తాము కనుగొన్నామని చెప్పడానికి గొప్ప ధైర్యం కావాలి. ఆ ధైర్యం సైలెన్సర్‌లో ఉంటుంది. 175 సీసీ దాటిన మోటారు సైకిల్‌కు చట్టం అనుమతించే శబ్దం 80 డెసిబెళ్లు. కంపెనీ అమర్చిన సైలెన్సర్‌ను ఊడదీసి, ఆ హద్దును ఖాతరు చేయని గొట్టం బిగించుకుని, 1983లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన నాగార్జునసాగర్–శ్రీశైలం అడవిలోకి 'ప్రకృతి ఒడిలో ప్రశాంతత' కోసం వెళ్లేవారికి పులి కనబడకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఘాట్ గేటును రాత్రి 9 గంటలకు మూసి ఉదయం 6కు తెరుస్తారు. ఆ అడవికి విశ్రాంతి దొరికేది ఆ కాసేపే.

ఇక మూడో మాట సాహసం. ఈ దారుల్లో రోజూ సాహసం చేసే బండి వేరే ఉంది. దానిని కంపెనీ టీవీఎస్ ఎక్సెల్ అంటుంది, జనం ఎక్సెల్ బండి అంటారు. 100 సీసీకి మించని ఆ బండికి అటొకటి ఇటొకటి పాలక్యాన్లు వేలాడుతాయి, వెనుక యూరియా బస్తాను పాత ట్యూబు ముక్కతో బిగించి కడతారు, మిగిలిన జానెడు జాగాలో ముందొక మేకపిల్ల నిలబడుతుంది, అప్పుడప్పుడు బస్తా మీద ఒక ముసలమ్మ కూడా కూర్చుంటుంది. లీడ్, స్వీప్, మార్షల్ ముగ్గురూ ఆ బండి నడిపేవాడే. ఎదురుగా ఇరవై బళ్ల కవాతు వస్తే అతను మర్యాదగా మట్టి బాటలోకి దిగి దారి ఇస్తాడు, కవాతులో ఒకరు బొటనవేలు ఎత్తి చూపుతారు, దాని అర్థం ఏమిటో తెలియక అతను వెనక్కి తిరిగి చక్రంలో గాలి ఉందో లేదో చూసుకుంటాడు.

కంది కోతల కాలంలో మాత్రం ఈ రైడ్ల వల్ల ప్రాంతానికి కాస్త మేలు జరుగుతుందని ఒప్పుకోవాలి. రైతులు కంది కట్టెను తారురోడ్డు మీద పరిచి, పోయే వాహనాల చక్రాల కింద కాయలు పగిలేలా నూర్పిడి చేయడం మెట్ట ప్రాంతాల్లో మామూలే. లీడ్ దానిని 'అడ్డంకి'గా గుర్తించి కాలు చాపి హెచ్చరిస్తాడు, మిగిలినవారు ఒకరి తర్వాత ఒకరు కాళ్లు చాపుకుంటూ దాని మీదుగా పోతారు, కంది సగం నూర్పిడి అయిపోతుంది. అది జారుడు దారి, పడితే నడుం విరుగుతుంది, చట్టరీత్యా తప్పు కూడా. కానీ కూలి అడగకుండా, తిండి అడగకుండా నూర్చిపెట్టినవారిని రైతు ఎందుకు కాదంటాడు?

సాహసం సంగతి నిజంగా తేల్చుకోదలచిన క్లబ్బుకు పరీక్ష సులువు. సభ్యులు తలా ఒక ఎక్సెల్ బండి ఎక్కి, రెండు నిండు క్యాన్లు తగిలించుకుని, దూపాడు వైపు ఊళ్ల నుంచి త్రిపురాంతకం దాకా చుక్క ఒలకకుండా తేవాలి. పాలు విరిగేలోగా చేరాలి కనుక మధ్యలో ఫొటోలకు ఆగడం కుదరదు, ముందు ఎవరున్నా దాటిపోవాలి, పిడికిలి ఆడించాలంటే హ్యాండిల్ వదలాలి. పాల కేంద్రంలో వెన్న శాతం చూసి చీటీ రాసిస్తారు. ఆ రైడ్‌కు సర్టిఫికెట్ అదే.