మేం పెంచుతున్న ఏకైక అనాథ

మా ఊరి ధర్మాదాయ ట్రస్టు అనాథల కోసం పుట్టింది. ఇన్నేళ్ళలో అది మనసారా పెంచింది ఒక్క అనాథనే. పేరు ఫిక్స్‌డ్ డిపాజిట్. వేళకింత వడ్డీ తింటుంది, అల్లరి చెయ్యదు, ఏటేటా ఒళ్ళు చేస్తోంది. సర్వసభ్య సమావేశంలో కోశాధికారిగారు దాని బరువు చదివి వినిపిస్తుంటే చూడాలి, కన్నతల్లికి కూడా అంత మురిపెం ఉండదు.

ఆదాయపు పన్ను చట్టమొకటి మధ్యలో అడ్డు. వంద వస్తే 85 ధర్మానికి ఖర్చుపెట్టు, 15 దాచుకో అంటుంది. అందుకని మా దయ మార్చి చివరి వారంలో నిద్రలేస్తుంది. ఆడిటర్‌గారు ఫోన్‌చేసి "ఇంకా తగ్గిందండీ" అనగానే దుప్పట్లు కొంటాం. మార్చి 30న, మిట్టమధ్యాహ్నం, తారు కరిగే ఎండలో ముసలమ్మల భుజాలకు ఉన్ని దుప్పట్లు కప్పి ఫొటో దిగుతాం. పుష్యమాసం చలిలో ఏం చేశారంటారా? మిగులు లెక్క చూసుకుని వెచ్చగా ఉన్నాం.

ఎవరైనా అన్నదానానికని వెయ్యి నూటపదహార్లు తెస్తే మా గుమస్తా "కార్పస్‌కని రాయండి, మీకేం పోయింది" అంటాడు. మూలనిధికిచ్చిన సొమ్ముకు ఆ 85 బాధ లేదు మరి. అన్నం కావలసిన డబ్బు అమరత్వం పొందుతుంది.

నిల్వ వద్దని నేననను. నాలుగు నెలల బియ్యానికి, జీతాలకు చేతిలో డబ్బు లేని ట్రస్టు ఒక్క దాత మొహం చాటేస్తే మూతపడుతుంది. కష్టకాలానికే కదా నిల్వ! ఆ కష్టకాలం 2020లో కాలినడకన మా ఊరి బైపాస్ దాకా వచ్చింది, నెత్తిన మూటలతో, చంకన పిల్లలతో. ఎఫ్‌డీ బ్రేక్ చెయ్యాలంటే తీర్మానం కావాలి, తీర్మానానికి కోరం కావాలి, లాక్‌డౌన్‌లో కోరం ఎక్కడిది? ఆ నెలలోనే డిపాజిట్ తనంతట తాను రెన్యువల్ అయింది. ఆటో రెన్యువల్‌కు కోరం అక్కర్లేదు.

దుప్పట్లు పంచాక కూడా ఆ 85లో మిగిలినదానికి ఫారం 10 ఉంది. ఫలానా పనికని రాసిస్తే ఐదేళ్ళు దాచుకోవచ్చు. 'వృద్ధాశ్రమ భవనం' అని రాశాం. ప్లాను మూడుసార్లు మారింది, ఇటుక మాత్రం కదల్లేదు. మొన్న ఆడిటర్‌గారు గడువు దగ్గరపడిందని, ఖర్చుపెట్టకపోతే పన్ను పడుతుందని హెచ్చరించారు. ఆశ్రమంలో చేరతామని పేర్లిచ్చినవాళ్ళ జాబితా తీశాం. సగం పేర్ల ముందు 'కీర్తిశేషులు' చేర్చాల్సి వచ్చింది.

"ఇంకెవరి కోసమండీ కట్టడం?" అన్నారు కోశాధికారిగారు, రెండు మోకాళ్ళూ పట్టుకుని కుర్చీలోంచి లేవబోతూ.