కాల్చని యూనిట్‌కి కొబ్బరికాయ ఎక్కడ కొట్టాలి?

మా భిలాయిలో ఒక రైల్వే స్టేషన్ పేరే పవర్ హౌస్. కరెంటుకి అంత గౌరవమిచ్చిన ఊళ్లో ఆదా గురించి మాట్లాడటం అమర్యాదే. అయినా సర్కారే బిల్లు తగ్గించుకోమంటోంది కాబట్టి మనమూ ధైర్యం చేద్దాం.

మా ఛత్తీస్‌గఢ్‌లో 2019 మార్చిలో భూపేశ్ బఘేల్ సర్కారు 'బిజిలీ బిల్ హాఫ్' తెచ్చింది. మొదటి 400 యూనిట్లకి సగం బిల్లే. ఏసీ కట్టేస్తే నష్టపోతామేమో అనిపించేంత ఉదారం. 2025 ఆగస్టులో విష్ణుదేవ్ సాయ్ సర్కారుకి ఆ ఉదారం బరువనిపించి, గీతని 100 యూనిట్లకి దించింది. జనం గోల పెట్టారు. డిసెంబరుకల్లా 200కి ఎక్కించింది. మీటరు కన్నా సర్కారు అంకెలే జోరుగా తిరిగాయి. 200 దాటి 400 దాకా కాల్చేవాళ్లకీ ఏడాదిపాటు రాయితీ ఉంచారు, ఈలోగా డాబా మీద సోలార్ పెట్టించుకోండని.

దానికి డబ్బూ ఇస్తున్నారు, దాచడమెందుకు? 3 కిలోవాట్లకి కేంద్రం 78,000, రాష్ట్రం 30,000, వెరసి 1,08,000 రూపాయలు. కాకపోతే ఇల్లు సొంతమై ఉండాలి, పలకల్ని మోసే కప్పు ఉండాలి. మా ఊరి ఉక్కు కర్మాగారం సెక్టార్ల క్వార్టర్లలో కప్పు కంపెనీది, ఎండ మాత్రమే మనది. ఖుర్సీపార్ బస్తీ రేకుల ఇళ్లలో ఆ ఇబ్బంది కూడా లేదు. ఎండ నేరుగా లోపలికే వచ్చి కూర్చుంటుంది.

సూర్యుణ్ణి ఇంతగా ఆదరిస్తే బొగ్గు అలగదూ? అందుకే 2025 మార్చి 30న బిలాస్‌పూర్ సభలో ప్రధాని చేతుల మీదుగా రాష్ట్ర జెన్‌కో 1,320 మెగావాట్ల థర్మల్ ప్రాజెక్టు పనులు మొదలయ్యాయి. ఖర్చు 15,800 కోట్ల పైమాటే. మా ఊళ్లోనూ అంతే. ఎన్‌ఎస్‌పీసీఎల్ అనే విద్యుత్ సంస్థ వారి బొగ్గు ప్లాంటు 500 మెగావాట్లు, అదే సంస్థ మరోదా జలాశయం మీద తలపెట్టిన తేలే సోలార్ 15 మెగావాట్లు. పెద్దల్లుడికి పొలం, చిన్నల్లుడికి పంచెల చాపు.

ఇంత సందడిలో పిలుపందనిది ఆదా ఒక్కదానికే. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు లాగుతుంది, బీఎల్‌డీసీ ఫ్యాను 30తో సరిపెట్టుకుంటుంది. రోజుకి 15 గంటలు తిరిగితే నెలకి 20 యూనిట్లు మిగులు. మూడు మారిస్తే 60. అంటే 260 యూనిట్లు కాల్చే ఇల్లు 200కి దిగి, ఆ ఏడాది గడువు తీరాక కూడా సగం బిల్లు గీత లోపలే ఉంటుంది. దీనికి బొగ్గు తవ్వక్కర్లేదు, సొంత కప్పు అక్కర్లేదు, అద్దెకున్నవాడైనా చేసుకోవచ్చు. మరి ఏలినవారికి ఎందుకు ఆనదంటారా? కాల్చని యూనిట్‌కి శిలాఫలకం ఉండదు, కత్తిరించడానికి రిబ్బనుండదు, ఫొటోలో అసలే పడదు.

అయ్యా, కాల్చిన యూనిట్‌కి సగం ఇచ్చే చెయ్యి కాల్చని యూనిట్‌కి పావలా విదల్చలేదా? ఒక డాబాకి మీరిచ్చే 30,000తో పది రేకుల ఇళ్లకి తలా ఒక మంచి ఫ్యాను వస్తుంది. కావాలంటే రెక్కల మీద మీ బొమ్మ వేయించుకోండి, మాకు అభ్యంతరం లేదు. తిరిగేటప్పుడు ఎలాగూ కనబడదు.