తోకచక్రపు పండితుడు

అమెరికాలో పచ్చిక రన్‌వేలున్న చిన్న విమానాశ్రయాలలో, హ్యాంగరు ముందరి బల్లపై ఆసీనుడై, దిగే ప్రతి విమానానికీ తీర్పు చెప్పే పెద్దమనిషి ఒకడు తరచుగా దర్శనమిస్తాడు. అతడిని తోకచక్రపు పండితుడు అనవచ్చు. ముక్కు కింద చక్రమున్నదానిని అతడు విమానంగా అంగీకరించడు. 1956లో ముక్కుచక్రమున్న సెస్నా 172 అమ్మకానికి వచ్చిన నాటినుండే పైలట్ల పాదాలకు బద్ధకం పట్టుకున్నదని అతని నిశ్చితాభిప్రాయం. 1947 వరకు తయారైన పసుపుపచ్చని పైపర్ జె-3 కబ్ అతని ఇష్టదైవం. ఒంటరిగా నడిపేవాడు అందులో వెనుక సీటులోనే కూర్చోవలసి రావడం, నేలమీద ఉన్నంతసేపూ ఎదురుగా ముక్కు తప్ప దారి కనిపించకపోవడం అతని దృష్టిలో లోపాలు కావు, సాధకునికి పెట్టిన పరీక్షలు.

పండితునికి శాస్త్రం రాదనడం అన్యాయం. తోక కింద చక్రమున్న ఇటువంటి విమానంలో గురుత్వకేంద్రం, అనగా బరువంతా కేంద్రీకృతమైనట్లు భావించే బిందువు, రెండు ప్రధాన చక్రాలకు వెనుక ఉంటుంది కనుక, దిగిన తరువాత విమానం కాస్త పక్కకు తిరిగినా వెనుక బరువు తన ఊపుతో తోకను మరింత పక్కకు నెడుతుంది. వేగం తగ్గేకొద్దీ తోకమీది చుక్కానికి గాలి పట్టు తప్పుతుంది. సకాలంలో చుక్కాని పెడల్ తొక్కకపోతే విమానం గిర్రున తిరిగి రెక్క కొనను నేలకు రాస్తుంది. దీనినే గ్రౌండ్ లూప్ అంటారు. ఇంతవరకు అతని వ్యాఖ్యానం నిర్దుష్టం.

చిక్కు అన్వయంలో వస్తుంది. మూడు చక్రాలనూ ఒకేసారి నేలకు తాకించే త్రీపాయింట్ ల్యాండింగ్ మేలా, తోకనెత్తి ముందు చక్రాలతో దిగే వీల్ ల్యాండింగ్ మేలా అన్న చర్చలో అతడు ఎల్లప్పుడూ ఎదుటివాడు సమర్థించని పక్షాన ఉంటాడు. తోకచక్రపు విమానం నడపడానికి శిక్షకుని ధ్రువీకరణ కావాలన్న నిబంధన, 1991 ఏప్రిల్ 15కు ముందే అటువంటి విమానంలో ప్రధాన పైలట్‌గా సమయం నమోదు చేసుకున్నవారికి వర్తించదు. ఈ మినహాయింపును అతడు రాజాస్థానంలో పొందిన బిరుదువలె ధరిస్తాడు. ఇతరుల విమానం గిర్రున తిరిగితే పాదాలు నిద్రించాయంటాడు. తనది తిరిగినప్పుడు మాత్రం, ఆడలేనమ్మ మద్దెల ఓడన్నట్లు, విండ్‌సాక్‌కైనా తెలియకుండా వచ్చిన గాలివిసురును తప్పుపడతాడు. తన కబ్ రెక్క కొనపై రెక్కకు కప్పిన మిగతా గుడ్డకంటె కొత్తగా మెరిసే పసుపు అతుకు గురించి అడిగినవారికి ఆనాటి గాలి దిశ, వేగం, మబ్బుల తీరు సవిస్తరంగా వినిపిస్తాడు గాని, పాదాల ప్రస్తావన రానివ్వడు.

అయినప్పటికీ అడ్డగాలి వీచే రోజున కొత్త పైలట్లు ఆ బల్లవద్దకే చేరుతారు. అప్పుడతడు సిద్ధాంతాలన్నీ పక్కనబెట్టి, విమానాన్ని హ్యాంగరులోనే ఉంచమని ఒక్క మాటలో తేల్చివేస్తాడు. అతని ఉపన్యాసాలన్నింటిలోనూ సొంత ఖర్చుతో నేర్చుకున్నది ఈ ఒక్క మాటే.