ఒరిజినల్ ఎవరిది?

2014 నాటి తమిళ ‘చతురంగ వేట్టై’ నాలుగేళ్లకు సత్యదేవ్ హీరోగా తెలుగులో ‘బ్లఫ్ మాస్టర్’ అయింది. సొంత కథ దొరకలేదా అని సణగొచ్చు గానీ, మోసగాళ్ల సినిమాకు రీమేకే న్యాయం. ఆ వృత్తిలో సొంత కథ రాసుకున్నవాడెవడు? బియ్యపు గింజల్ని లాక్కునే రాగిచెంబు కోట్లు పలుకుతుందన్న స్క్రిప్టు భాష మార్చుకుంటూ రాష్ట్రాలు తిరుగుతూనే ఉంది. గింజలకు ఇనుప రజను, చెంబుకు అయస్కాంతం: బడ్జెట్ అంతే. జార్ఖండ్‌లో ఖర్కాయి నది పక్కనున్న ఆదిత్యపూర్‌లో ఆ చెంబూ అక్కర్లేదు, టాటా పేరున్న దొంగ ఆఫర్ లెటర్ చాలు. అలాంటివి నమ్మొద్దని టాటా స్టీలే హెచ్చరిస్తోంది మరి.

సినిమాలే మోసం నేర్పుతున్నాయంటారా? ఇదే జార్ఖండ్‌లోని జామ్‌తాడా కుర్రాళ్లు ఫోన్లో ఓటీపీలు లాగి పేరు మోశాకే, 2020లో నెట్‌ఫ్లిక్స్ ఆ ఊరి పేరుతో సిరీస్ తెచ్చింది. ఒరిజినల్ వాళ్లది, రీమేక్ సినిమావాళ్లది. పోనీ, ఆశపడ్డవాడే మునుగుతాడంటారా? చట్టంలోనే లేని ‘డిజిటల్ అరెస్ట్’ అంటూ వచ్చిన వీడియో కాల్‌కు, తెరమీద ఖాకీ చొక్కాకు వణికి ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసి పంపేవాడికి ఆశ ఎక్కడిది? పైగా సత్యదేవ్ సినిమాకు ఇంటర్వెల్ అయినా ఉంది. ఈ వీడియో కాల్‌లో బాత్రూమ్‌కి వెళ్లాలన్నా దొంగ ఎస్సైగారి పర్మిషన్ కావాలి.