డ్రైవర్లు పడని బావ

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో, విశేషించి పెద్దారవీడు మండలంలో, కంప్యూటరు ఉన్న ప్రతి ఇంటికీ, ప్రతి ఫోటో స్టూడియోకీ వరసకు బావ అయ్యే వ్యక్తి ఒకడు ఉంటాడు. ఆయన చదివినది డిగ్రీయో, మెకానికల్ డిప్లొమానో, సగంలో ఆగిన బీటెక్కో అయినప్పటికీ, ఏదో ఒక సంవత్సరం కంప్యూటరు కోచింగులకు పేరుపడిన హైదరాబాదు అమీర్‌పేటలో గది తీసుకుని ఉన్నాడన్న ఒక్క కారణంచేత, ఎవరి సిస్టం మొరాయించినా కబురు ముందుగా ఆయనకే వెళుతుంది. ఆయన కూడా అన్నం ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే లేచి వస్తాడు. పిలిచినవారు తరువాత నొచ్చుకునేది ఈ తక్షణ స్పందన గురించే.

ఈ వ్యక్తి ఎరిగిన చికిత్స ఒక్కటే. "ఫార్మాట్ కొడితే సరిపోద్ది మామా" అన్న వాక్యంతో అది ఆరంభమవుతుంది. ఫార్మాట్ కొట్టడమంటే డిస్కులో విండోస్ ఉన్న భాగాన్ని పూర్తిగా తుడిచి, యంత్రంలోని తక్కిన ప్రోగ్రాములన్నిటినీ నడిపించే ఆపరేటింగ్ సిస్టంను మొదటినుంచి మళ్ళీ ఎక్కించడం. స్పీకరు గరగరలాడినా, కీబోర్డులో ఒక అక్షరం పడకపోయినా, చివరకు కరెంటు హెచ్చుతగ్గులవల్ల మానిటర్ మినుకుమన్నా ఆయన చెయ్యి చొక్కా జేబులోని పెన్‌డ్రైవ్ మీదికే పోతుంది. పాత యంత్రాలకు లేని భద్రతా చిప్పును విండోస్ 11 అడగకుండా, రూఫస్ అనే ఉచిత సాధనంతో ముందుగానే సవరించి పెట్టుకున్న పెన్‌డ్రైవ్ అది. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసిన నాటినుంచి, అడిగినవారికీ అడగనివారికీ ఆ వార్త చెబుతూ, దానిని ఆయన మరింత ధైర్యంగా బయటికి తీస్తున్నాడు. "ఫైళ్ళన్నీ డి డ్రైవ్‌లోనే పెట్టుకున్నావు గదా?" అని అడగడం ఆయన మరచిపోడు గాని, ఆ ప్రశ్న తుడుపు సగం అయిన తరువాత వస్తుంది. ఈ వ్యాసం టైపైన సిస్టంలో డెస్క్‌టాప్ మీద ఒకప్పుడు ఉండిన ఫైళ్ళు ఇప్పుడు లేవన్న సంగతికీ, ఈ వ్యాసంలోని స్వరానికీ ఏదో సంబంధం ఉన్నదని పాఠకులు అనుమానిస్తే వారిని తప్పు పట్టడానికి లేదు.

ఇన్‌స్టాలేషన్ ఏ ముప్పై ఐదు శాతం దగ్గరో ఆగిపోయినా ఎవరూ ఆయనను తొందరపెట్టరు. 1996లో వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగినప్పటినుంచి కృష్ణా నీళ్ళకోసం కాచుకుని ఉన్న ప్రాంతానికి శాతాల లెక్కలు కొత్త కావు.

చిక్కంతా విండోస్ ఎక్కి, తెర వెలిగిన తరువాత వస్తుంది. తెర మీది ప్రతి చుక్కనూ లెక్కకట్టి గీసే పరికరం గ్రాఫిక్స్ కార్డు కాగా, ఆపరేటింగ్ సిస్టం కోరిన పనిని ఆ కార్డుకు తెలిసే ఆజ్ఞలుగా మార్చి అందించే ప్రోగ్రామును డ్రైవరు అంటారు. కొత్తగా ఎక్కిన విండోస్‌కు తగిన డ్రైవరు దొరకకపోతే, 2012 నాటి విండోస్ 8 నుంచి అది ‘మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్’ అనే ఆపద్ధర్మ డ్రైవరుతో సరిపెట్టుకుంటుంది. అప్పుడు చాలాచోట్ల జరిగేదేమిటంటే, 1024 అడ్డం, 768 నిలువు చుక్కల బొమ్మ వెడల్పాటి మానిటర్ నిండా సాగిపోయి, ఆల్బం డిజైనుకు తెరిచిన ఫోటోలో నాజూకైన పెళ్ళికూతురు అకస్మాత్తుగా ఒళ్ళు చేసినట్టు కనిపిస్తుంది. పెళ్ళి వీడియో మిక్సింగ్‌లో తలంబ్రాల మీద ఒక ఎఫెక్టు వేస్తే మౌసు కూడా కదలదు. మాఘమాసపు ముహూర్తాల మధ్య ఉన్న స్టూడియో యజమాని ముఖం పాలిపోతూ ఉండగా, బావ మాత్రం "ఏం లేదు మామా, డ్రైవర్లు పడలేదు, అంతే" అని టీ చెప్పిస్తాడు.

డ్రైవరు దించుకోవడానికి ఇంటర్నెట్ కావాలి. ఇంటర్నెట్ రావడానికి నెట్‌వర్క్ డ్రైవరు కావాలి. ఫార్మాట్‌లో అదీ పోయి ఉంటుంది. ఈ ముడిని విప్పడంలో మాత్రం ఆయన నిజంగా ఘనుడు, ఎందుకంటే ఎవరిదో ఫోన్ లాక్కుని, కేబులుతో సీపీయూకు తగిలించి, యూఎస్‌బీ టెథరింగ్ నొక్కి ఆ ఫోన్‌లోని నెట్టునే కంప్యూటరుకు మళ్ళించడం ఆయనకు చిటికెలో పని. ఫోన్ యజమాని ఆనాటి డేటా అంతటితో సరి.

ఇక్కడినుంచి ఆయన విశ్వాసం ఆయనకు అడ్డుపడుతుంది. డివైస్ మేనేజర్‌లో పసుపు త్రికోణం ఉన్న పేరు మీద కుడి బటన్ నొక్కి, ప్రాపర్టీస్ లోపల హార్డ్‌వేర్ ఐడీ చూస్తే కార్డు వివరాలు తెలుస్తాయి; అందులో తయారీదారు సంఖ్య 8086 అయితే అది ఇంటెల్ వారిది, 1978లో వారు తెచ్చిన ప్రాసెసర్ పేరే ఆ సంఖ్య; 1002 అయితే ఏటీఐ వారిది, ఆ సంస్థను ఏఎండీ 2006లో కొన్నది. బావ ఇవేవీ చూడడు. తాజాది శ్రేష్ఠమైనదన్న సూత్రంతో అన్నిటికంటే కొత్త డ్రైవరును, వందల మెగాబైట్లను, దించుతాడు. స్టూడియోలో ఉన్నదేమో ఎన్విడియా జీటీ 710. కెప్లర్ అనే పాత తరానికి చెందిన ఆ కార్డుకు 470 వరుస డ్రైవర్లే ఆఖరివి, 2021లో దాని తరువాత వచ్చిన వరుసలలో ఆ తరానికి చోటు లేదు. కనుక ఇన్‌స్టాలర్, తనకు సరిపడే గ్రాఫిక్స్ హార్డ్‌వేర్ ఏదీ కనబడలేదని మర్యాదగానే చెబుతుంది. దానిని ఆయన "కార్డు పోయింది మామా" అని అనువదిస్తాడు.

కార్డు పోయిందన్న నిర్ణయం వెలువడ్డాక తంతు ఒకటి జరుగుతుంది. సీపీయూ పక్క రేకు ఊడదీసి, నోటితో ఉఫ్ఫని దుమ్ము ఊది, కార్డు పెరికి, దాని అంచున ఉన్న పసిడిరంగు గీతలను బడిపిల్లల రబ్బరుతో రెండువైపులా రుద్ది, మళ్ళీ గుచ్చుతాడు. పాత యంత్రాల్లో ఈ రుద్దుడు పనిచేసిన సందర్భాలు ఉన్నమాట నిజమే గాని, డ్రైవరు వరుస తప్పినప్పుడు రబ్బరు చేయగలిగినది ఏమీ లేదు. పైగా తిరిగి బిగించేటప్పుడు ఆయన మానిటర్ కేబులును కార్డుకు బదులు మదర్‌బోర్డు రంధ్రానికి తగిలిస్తాడు. దానితో బొమ్మ ప్రాసెసర్‌లోని అంతర్గత గ్రాఫిక్స్ నుంచి చక్కగా వస్తుంది, రబ్బరు మహిమ రుజువవుతుంది, అసలు కార్డు లోపల ఊరికే కూర్చుని ఉంటుంది. ఇంటర్ చదివే స్టూడియో యజమాని కూతురు వెనక్కి వంగి చూసి, "మామా, కేబుల్ కింద కార్డుకు కదా పెట్టాల్సింది?" అన్న తరువాత గాని, ఆ పిల్లే ఫోన్‌లో వెతికి పాత వరుస డ్రైవరును చూపిన తరువాత గాని విషయం దారికి రాదు.

ఆయన మీద జాలి కలిగే ఘట్టమూ ఇదే. డ్రైవరు తంటాలు పెద్దపెద్దవారినే విసిగించాయి. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో, కెమెరా ముందే, ఎన్విడియాకు అసభ్యంగా వేలు చూపించి తిట్టాడు. బావ ఎవరినీ తిట్టడు. తెల్లవారితే పెళ్ళివారికి ఆల్బం ఇవ్వవలసి ఉన్నదంటే అర్ధరాత్రిదాకా దోమల్లో కూర్చుంటాడు, పైసా తీసుకోడు, డబ్బు మాట ఎత్తితే "మామ దగ్గర తీసుకుంటానా" అని నిజంగానే కోపగించుకుంటాడు. తెర సరైన కొలతకు వచ్చి, పెళ్ళికూతురు మునుపటి రూపానికి మళ్ళగానే, డెస్క్‌టాప్ మీద కుడి బటన్ నొక్కి రిఫ్రెష్, రిఫ్రెష్ అని ఆరేడుసార్లు కొట్టి, చిన్నపిల్లవాడిలా వెనక్కి వాలి చూస్తాడు. ఆ రిఫ్రెష్ ఏ యంత్రాన్నీ వేగవంతం చేయదని ఆయనకు చెప్పగల మనసు ఎవరికీ రాదు.

వారం తిరక్కుండా ఫోటో ప్రింటర్ పలకడం లేదని యజమాని గమనిస్తాడు, ఎందుకంటే ఫార్మాట్‌లో దాని డ్రైవరూ పోయింది. కబురందిన గంటలోపే బావ బండి స్టూడియో ముందు ఆగుతుంది. చెయ్యి జేబువైపు పోతూ ఉండగానే యజమాని ఎదురువెళ్ళి, భుజం మీద చెయ్యి వేసి, "లోపల ఉక్కగా ఉంది బావా, టీ బయట తాగుదాం" అని హోటలు వైపు నడిపిస్తాడు, లోపల కూతురు తలుపు గడియ వేసుకుని ప్రింటర్ డ్రైవరు దించుకుంటూ ఉంటుంది.